మొదటి పళ్లెం

సముద్రం ఒడ్డున ఉన్న మా ఊరు దొనోస్తియాలో వేసవి వచ్చిందంటే ఆంచోన్ కాళ్లకి తీరిక ఉండదు. పొద్దున్నే పాత ఊరి సందులు, ఆ తర్వాత చేపల రేవు, మధ్యాహ్నం ఇగెల్దో కొండ మీదికి తాడుతో లాగే పాత రైలు, ఎండ వాలాక సముద్రపు అంచున బండలకి బిగించిన పెద్ద ఇనుప కొక్కేల దగ్గర ఫొటోలు. చేతిలో ఎర్ర గొడుగు, మెడలో టూరిస్టు సంస్థవాళ్లిచ్చిన గైడు కార్డు, వెనకాల టోపీలు పెట్టుకున్న జనం. పెళ్లికి ముందు పట్టుకున్న పని, భార్య పోయాక కూడా అదే పని. లా కొంచా ఒడ్డున చారల గుడారాల్లో ఏది ఏ కుటుంబం వాడుకుంటుందో, పోటు తగ్గి నీరు వెనక్కి తీసినప్పుడు శాంతా క్లారా ద్వీపం పక్కన చిన్న ఇసుక తిన్నె ఏ వేళకి తేలుతుందో అతనికి కంఠతా వచ్చు. సన్నటి తుంపర మొదలై జనం ముఖాలు మాడ్చుకుంటే, "ఇది వాన కాదండీ, సిరిమిరి. వానైతే చెప్పి తడుపుతుంది, ఇది చెప్పకుండా తడుపుతుంది" అని నవ్వించేవాడు. ఆ మాట వేలసార్లు చెప్పి ఉంటాడు. చెప్పిన ప్రతిసారీ అప్పుడే తట్టినట్టు చెప్పేవాడు.

మనిషి మంచివాడే. కాని ఒక జబ్బుంది. ఎదుటివాడి ముఖంలో విసుగు కనిపిస్తే ఓర్చుకోలేడు. ఆ ముఖంలో నవ్వు చూడ్డం కోసం లేని రాజుని పుట్టిస్తాడు, నిక్షేపంలాంటి రాణిని చంపేస్తాడు. "ఏం ఆంచోన్, నిన్నటి తిమింగలం ఇవాళ్టికి రెండింతలయిందే! ఏం మేపుతున్నావు?" అని రేవులో వలలు బాగుచేసే ఆడవాళ్లు ఆటపట్టిస్తే, టోపీ తీసి వంగి దండం పెట్టేవాడు. ఊళ్లో ఎవరూ దాన్ని తప్పు పట్టలేదు. టూరిస్టులకి చెప్పే అబద్ధాన్ని అబద్ధాల్లో లెక్క వేయకూడదని మేమంతా ఎప్పుడో ఒప్పేసుకున్నాం.

అబద్ధం చెల్లని చోటు ఒక్కటే ఉంది. అది సంఘం.

పాత ఊళ్లో ఒక ఇరుకు సందులో, బోర్డు లేని తలుపు వెనక, పొడవాటి బల్లలూ పెద్ద పొయ్యిలూ ఉన్న వంటసంఘం అది. సభ్యులందరి దగ్గరా తాళంచెవి ఉంటుంది. ఎవరికి బుద్ధి పుట్టినప్పుడు వాళ్లు తలుపు తీసుకుని, తెచ్చుకున్న చేప వండుకుని, స్నేహితులకి పెట్టుకుని, గిన్నెలు కడిగి పోతారు. కాపలా లేదు. చుట్టాన్నో స్నేహితుణ్ణో వెంట తీసుకురావచ్చు, తెచ్చినవాడి మాటే పూచీ. వచ్చిన అతిథికి కొన్ని మర్యాదలున్నాయి. మొదటి పళ్లెం అతనికే పెట్టాలి. చేపలో మేలైన ముక్క అతనికే వేయాలి. బల్ల దగ్గర కూర్చున్నాక అతను లేవకూడదు. రొట్టె అయిపోయినా, గ్లాసు ఖాళీ అయినా సభ్యుడే లేచి తేవాలి. సభ్యుడికి ఈ మర్యాదలేవీ ఉండవు. తన పళ్లెం తను తెచ్చుకోవాలి, పక్కవాడి గ్లాసు తను నింపాలి, చివర్న చొక్కా చేతులు మడుచుకుని గిన్నెలు కడిగే తొట్టి దగ్గర నిలబడాలి. బయట జడ్జీ అయినా లోపల అంతే.

ఆంచోన్‌ని చిన్నప్పుడు తండ్రి అక్కడికి తెచ్చేవాడు. తండ్రి పోయాక అతన్ని సభ్యుడిగా తీసుకోమని ముందుగా చెయ్యెత్తినవాడు కాసియానో. ఎనభై దాటిన మనిషి, ఒకప్పుడు ట్యూనా పడవల్లో పనిచేశాడు. పెళ్లి చేసుకోలేదు. ఉన్న ఒక్క అన్న ఇలారియో కుర్రతనంలోనే ఓడెక్కి అర్జెంటీనాలో రొసారియో పట్నానికి వెళ్లిపోయాడు. మొదట్లో కబుర్లు వచ్చేవి, తర్వాత ఆగిపోయాయి. కాసియానో ఆ ప్రసక్తి ఎక్కువగా తెచ్చేవాడు కాదు. కాని పక్క బల్ల దగ్గర ఎవరైనా అర్జెంటీనా యాసలో మాట్లాడితే చాలు, ఆయన నోటి దాకా వచ్చిన చెంచా అక్కడే ఆగిపోయేది. ఆ సంగతి ఆంచోన్‌కి బాగా తెలుసు. తెలియకపోతే ఇది ఇంత సిగ్గుమాలిన కథ అయ్యేది కాదు.

ఆ ఏడు జూలైలో, అతను పనిచేసే సంస్థను నడిపే ఇరాచే అతన్ని ఆఫీసుకి పిలిచింది. అతని కూతురంత వయసుంటుంది. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. కాఫీ ఇచ్చినప్పుడే అనుమానించాల్సింది.

"ఆంచోన్ గారూ, మీరంటే నాకు గౌరవం. కాని జనం ఏమంటున్నారో చెప్పనా? మంచి మాటకారేగాని మ్యూజియంలా ఉన్నాడంటున్నారు."

"మ్యూజియంకి జనం టికెట్టు కొనుక్కుని మరీ వెళ్తారు కదమ్మా."

"ఒక్కసారి వెళ్తారు," అంది ఇరాచే నవ్వకుండా. "ఇప్పుడు వాళ్లకి బయటనుంచి చూస్తే సరిపోవడం లేదండీ, లోపలికి వెళ్లాలి. కొత్త పిల్లలంతా ఏదో ఒకటి చేస్తున్నారు. ఒకడు పడవెక్కించి తెడ్లు వేయిస్తున్నాడు. ఒకమ్మాయి వాళ్ల అమ్మమ్మ వంటింట్లో కూర్చోబెడుతోంది. మీరు ఏ తలుపు తీస్తారో చెప్పండి. ఏదీ లేదంటే వచ్చే వేసవికి మరి..."

మాట పూర్తి చేయలేదు. చేయనక్కర్లేదు కూడా. ఆంచోన్‌కి ఆ పిల్ల ముఖంలో విసుగు కనిపించింది. అతని చెయ్యి జేబులోకి పోయింది. అక్కడ తాళంచెవి తగిలింది.

"మా సంఘానికి తీసుకెళ్తాను," అనేశాడు.

ఇరాచే ముఖం వెలిగిపోయింది. మా సంఘం పుట్టినప్పటినుంచీ డబ్బు పుచ్చుకుని మనుషుల్ని లోపలికి తెచ్చినవాడు లేడు. ఒక్కసారికే కదా, మళ్లీ చేయను కదా అని దారి పొడుగునా ఆంచోన్ తనకి తను నచ్చజెప్పుకున్నాడు. ఎవరినిబడితే వాళ్లని తీసుకెళ్తే కుదరదు, చుట్టాలని చెప్పాలి. జర్మన్లని చుట్టాలంటే ఎవడు నమ్ముతాడు? అర్జెంటీనావాళ్లయితే నమ్ముతారు. అక్కడ ఒక్క చుట్టమైనా లేని ఇల్లు మా వైపు లేదు.

ఆగస్టు పెద్ద పండగ వారంలో అలాంటివాళ్లే ఇద్దరు టూరిస్టులు దిగారు. నోర్బెర్తో, అతని భార్య గ్రసియేలా. బ్యూనస్ ఏర్స్‌లో పళ్ల డాక్టర్లు. సరదా మనుషులు. ఐస్‌క్రీం చేతిలో పట్టుకుని రోజూ బాణసంచా చూశారు. ఇవాళ్టిది నిన్నటికంటే బాగుందా లేదా అని పక్కన నిలబడ్డ ముసలమ్మలతో వాదించారు కూడా. ఆదివారం మధ్యాహ్నం ఆంచోన్ వాళ్లని రేవు దగ్గర ఆపి గొంతు తగ్గించాడు.

"లోపల మిమ్మల్ని మా అమ్మ తరఫు చుట్టాలని చెప్తాను. రొసారియో నుంచి వచ్చారు. మీరూ అలాగే నడిపించండి. మా వాళ్లకి అదో సరదా."

రొసారియో అన్న పేరు ఎందుకు నోట్లోంచి వచ్చిందో అతనికే తెలియదు. సంఘంలో అర్జెంటీనా అంటే ఆ ఒక్క ఊరే వినిపించేది మరి.

"నాటకమన్నమాట!" అని నోర్బెర్తో చేతులు రుద్దుకున్నాడు. "కాలేజీలో నేను వేషాలు కట్టేవాణ్ణిలెండి."

"అబ్బే, అంత అక్కర్లేదండీ," అన్నాడు ఆంచోన్.

తలుపు తీయగానే సంఘం పెద్ద ప్రుదెన్ ఎదురొచ్చాడు. నోరు మూసుకోవడం తెలియని మనిషి. "ఒరేయ్ ఆంచోన్! ఇంత చక్కటి చెల్లెల్ని ఇన్నాళ్లూ ఎక్కడ దాచావురా? నీ ముక్కు ఆవిడకి రాలేదు, దేవుడికి ఇంకా దయ ఉంది!" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. "ఎక్కడినుంచమ్మా?" అని అడిగితే గ్రసియేలా ఉత్సాహంగా "రొసారియో నుంచి!" అంది.

వంటగదిలో చప్పుడు ఆగిపోయింది. కాసియానో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. మళ్లీ లోపలికి వెళ్లి, తన కోసం ఉంచుకున్న చేపను కూడా పొయ్యి మీదికెక్కించాడు. మొదటి రెండు పళ్లేలు వాళ్ల ముందు పెట్టి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వాళ్లు తినేవరకు ఓపిక పట్టాడు.

"మీ ఊళ్లో ఇలారియో అని ఒకడు..." అన్నాడు చివరికి. "పొడుగ్గా ఉంటాడు. ఎడమ కనుబొమ్మ మీద గాటు. నేనే రాయి విసిరాను చిన్నప్పుడు. ఎప్పుడైనా విన్నారా ఆ పేరు?"

నోర్బెర్తో ముసలాయన వైపు చూశాడు, ఆంచోన్ వైపు చూశాడు. తన వంతు వచ్చిందనుకున్నాడు.

"ఇలారియోనా! ఆయన్ని ఎరగనిదెవరండీ? మా వీధి చివర రొట్టెల దుకాణం. పొద్దున్నే తలుపు తీస్తూ పాటందుకునేవాడు. వీధంతా ఆ పాటకే నిద్ర లేచేది."

"పాడేవాడా?" కాసియానో ముందుకి వంగాడు. "పెళ్లి చేసుకున్నాడా?"

"చేసుకోకేం! ముగ్గురు పిల్లలు. ఎప్పుడూ ఈ ఊరి కబుర్లే. తమ్ముడొకడున్నాడని ఎన్నిసార్లు చెప్పాడో!"

"పోయాడా?"

నోర్బెర్తో ఒక్క క్షణం తడుముకున్నాడు. "పోయాడండీ. నిద్రలోనే. సుఖంగా పోయాడు."

కాసియానో రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఆ మనిషి ఏడవడం మాలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ప్రుదెన్ తలమీది టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. గ్రసియేలా కూడా కళ్లు తుడుచుకుంది. అప్పుడైనా ఆంచోన్ నోరు విప్పితే కొంత దక్కేది. విప్పలేదు. బల్ల మీది రొట్టె నలకల్ని వేలితో ఒకచోటికి పోగుచేస్తూ కూర్చున్నాడు. ఆ రోజు గిన్నెలన్నీ తనే కడిగాడు. "బాబాయ్, నువ్వు కూర్చో, నేను చూసుకుంటాను" అన్నాడు. కాసియానో వెనకనుంచి వచ్చి అతని భుజం నిమిరి, "నీ మేలు మర్చిపోనురా" అన్నాడు.

బయటికొచ్చి సముద్రపు గట్టు వెంట నడుస్తుంటే గ్రసియేలా ఇంకా ఆ మైకంలోనే ఉంది.

"ఆ తాతగారు ఎంత బాగా చేశారండీ! నాకు నిజంగానే ఏడుపొచ్చేసింది. ప్రతి ఆదివారం అలాగే ఏడుస్తారా?"

"నేను మాత్రం తక్కువ తిన్నానా?" అన్నాడు నోర్బెర్తో. "రొట్టెల దుకాణం అప్పటికప్పుడు పుట్టించాను!"

కింద పిల్లలు ఇసుకలో గోతులు తవ్వుతున్నారు. ఆంచోన్‌కి ఆ గోతుల్లో ఏదో ఒకదాంట్లో దిగి పైన ఇసుక కప్పేసుకోవాలనిపించింది. అయినా వాళ్లిద్దరి ముఖాల్లోనూ నవ్వుంది. ఆ నవ్వు చెరిపేయడం అతనికి చేతకాలేదు.

"అవునండీ," అన్నాడు. "ప్రతి ఆదివారం."

ఆ మాట అన్నందుకు అతను తనని తాను ఇప్పటికీ క్షమించుకోలేదు. లోపల నోరు మూసుకున్నది భయంతో అనుకోవచ్చు. ఇది భయం కాదు. అలవాటు. ఆ రాత్రి అద్దంలో ముఖం చూసుకోలేక దీపం వేయకుండానే పళ్లు తోముకున్నాడు.

తర్వాతి వారమంతా కాసియానో వయసు పదేళ్లు తగ్గింది. రోజూ పొద్దున్నే లా కొంచాలో ఈతకి వెళ్లే మనిషి, ఇప్పుడు బట్టలు మార్చుకునే గదుల దగ్గర ఆగి ఆగి అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. చేపల బజారులో చెప్పాడు, ఐస్‌క్రీం వరసలో చెప్పాడు. "మా అన్నకి రొట్టెల దుకాణం ఉండేది. ముగ్గురు పిల్లలు. నా గురించి చెప్పేవాడట." శాంతా మరియా గుడిలో ఆదివారం ఇలారియో పేరున పూజ చెప్పించాడు. పూజ అయ్యాక సంఘంలో అందరికీ భోజనం, వంట తనదే.

ఇంతలో ఇరాచే నుంచి ఫోను. "ఆంచోన్ గారూ, అదరగొట్టేశారు! ఆ ఇద్దరూ ఎంత పొగిడారో తెలుసా? ఇంకో ఆరుగురు అడుగుతున్నారు. ఆ తాతగారు ఉంటారు కదా?"

"ఉండరమ్మా," అన్నాడు ఆంచోన్. "ఆ తలుపు ఇంక తీయను. నన్ను తీసేసినా సరే." ఇరాచే "సరే, మీ ఇష్టం" అంది, కాఫీ ఇచ్చిన గొంతుతోనే.

పని పోతే పోయింది అనుకోగలిగాడు. కాసియానోకి చెప్పడం మాత్రం చేతకాలేదు. చెప్పాలని ఒక పొద్దున ఒడ్డుకి వెళ్లాడు. నీరు బాగా వెనక్కి తీసి ఉంది. తడి ఇసుక మీద ఇద్దరూ కాళ్లు తడుపుకుంటూ ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచారు.

"ఒరేయ్, మీ వాళ్ల అడ్రసు ఇవ్వరా," అన్నాడు కాసియానో. "విమానం టికెట్టు సంగతి కనుక్కున్నాను. ఆ ముగ్గురిలో ఒకడికైనా మా అన్న పోలికలు వచ్చి ఉంటాయి కదా? చూసి రావాలి. జన్మంతా నీళ్లమీదే తిరిగాను, గాల్లో తిరగలేదు. భయపడతానంటావా?"

"నువ్వెందుకు భయపడతావు బాబాయ్," అన్నాడు ఆంచోన్. గుడారాల దాకా వెనక్కి నడిచి, పనుందని చెప్పి పారిపోయాడు.

ఆదివారం పూజలో ఫాదర్ ఇలారియో పేరు చదివాడు. "దూరదేశంలో ముగ్గురు బిడ్డల తండ్రిగా బతికి, నిద్రలో ప్రశాంతంగా కన్నుమూసిన మన సోదరుడు" అన్నాడు. ముందు వరసలో కాసియానో కొత్త తెల్లచొక్కా వేసుకుని నిటారుగా నిలబడ్డాడు. ఒక పళ్ల డాక్టరు భోజనాల దగ్గర సరదాకి అల్లిన మాట దేవుడి దాకా వెళ్లిపోయింది. వెనక స్తంభం పక్కన నిలబడ్డ ఆంచోన్‌కి తల కొట్టేసినట్టయింది. కాసియానో విమానం ఎక్కి లేని పిల్లల్ని వెతుక్కుంటూ ఆ ఊళ్లో వీధి వీధీ తిరగడం కళ్లకి కట్టింది.

పూజ అయ్యాక మిగతావాళ్లు దారిలో తలో గ్లాసు పుచ్చుకోవడానికి ఆగిపోయారు. కాసియానో నేరుగా సంఘానికి వెళ్లాడు. ఆంచోన్ వెనకే వెళ్లాడు.

హేక్ చేప దవడ కింద రెండు మెత్తటి కండలుంటాయి. చేప మొత్తంలో మేలైనవి అవే. ఆయన మట్టి మూకుడులో వెల్లుల్లి, నూనె వేసి వాటిని వండుతున్నాడు. అందులో గరిటె పెట్టకూడదు. రెండు పిడులూ పట్టుకుని మూకుడుని గుండ్రంగా ఆడిస్తూ ఉంటే నూనె మెల్లగా చిక్కబడి తెల్లటి పులుసవుతుంది. చెయ్యి ఆగితే పులుసు విరిగిపోతుంది. ఆ పనిలో ఉన్నవాణ్ణి పలకరించకూడదని మాలో చంటిపిల్లాడికి కూడా తెలుసు. ఆంచోన్‌కీ తెలుసు. ఇప్పుడు ఆగితే మళ్లీ చెప్పలేనని కూడా తెలుసు.

"బాబాయ్, వాళ్లు నా చుట్టాలు కారు."

మూకుడు తిరుగుతూనే ఉంది.

"టూరిస్టులు. డబ్బిచ్చి వచ్చారు. రొసారియోవాళ్లు కూడా కాదు. నేనే చుట్టాలని చెప్పమన్నాను. ఇలారియో పెదనాన్న సంగతి చెప్పమనలేదు. అదాయన కల్పించాడు. నేను ఆపలేదు. పక్కనే కూర్చుని కూడా ఆపలేదు."

కాసియానో తల ఎత్తలేదు. ఆయన మణికట్లు ఒకే తీరుగా కదులుతున్నాయి. పులుసు చిక్కబడేదాకా ఆంచోన్ అలాగే నిలబడ్డాడు. కాసియానో మూకుడు దింపి, మంట ఆర్పి, అప్పుడు అడిగాడు.

"రొట్టెల దుకాణం?"

"లేదు బాబాయ్."

"పిల్లలు?"

"ఏమో బాబాయ్. ఎవరికీ తెలీదు."

"నిద్రలో పోవడం?"

ఆంచోన్ తల అడ్డంగా ఊపాడు.

"వాడు పాడేవాడు," అన్నాడు కాసియానో కిటికీ వైపు చూస్తూ. "అది నిజం. ఇంట్లో అందర్నీ పాడి లేపేవాడు. అందుకే నమ్మాను."

ఆంచోన్ ఏడుస్తూ జేబులోంచి తాళంచెవి తీసి పొయ్యి గట్టు మీద పెట్టాడు. కాసియానో దాని వంక చూడనైనా చూడలేదు. "జేబులో పెట్టుకో. జనం వస్తున్నారు," అన్నాడు.

జనం నిజంగానే వచ్చారు, నవ్వుకుంటూ, కుర్చీలు లాక్కుంటూ. ఆంచోన్ అలవాటు ప్రకారం పళ్లేలు దించడానికి అల్మరా దగ్గరికి వెళ్లాడు. "కూర్చో," అన్నాడు కాసియానో. కూర్చున్నాడు. కాసియానో మూకుడు పట్టుకొచ్చి, ఒక పళ్లెంలో ఏరి ఏరి మంచి ముక్కలు వేసి, పైన పులుసు పోసి, ఆంచోన్ ముందు పెట్టాడు.

"ఏం కాసియానో, చూపు మందగించిందా?" అన్నాడు ప్రుదెన్. "వాడు మన ఆంచోన్! వాడికి ముందు పెడితే మనకి మిగిలేది మూకుడే!"

అందరూ నవ్వారు. కాసియానో నవ్వలేదు. "మొదటి పళ్లెం అతిథికి," అన్నాడు.

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అందరూ ఆంచోన్ వైపు తిరిగారు. అతను చెప్పాడు. ఇరాచే కాఫీ దగ్గర్నుంచి సముద్రపు గట్టు మీద "ప్రతి ఆదివారం" అన్నదాకా అంతా చెప్పాడు. జీవితమంతా కథలు చెప్పిన మనిషి ఆ ఒక్కటి ఏమీ పెంచకుండా, ఏమీ తగ్గించకుండా చెప్పాడు. ఎవరూ తిట్టలేదు. ఒక్కడైనా తిడితే బాగుండునని అతను ఎదురుచూశాడు.

"చల్లారిపోతుంది," అన్నాడు కాసియానో.

ఆంచోన్ తిన్నాడు. రొట్టె కోసం చూస్తే బుట్ట ఖాళీగా ఉంది. చూసీ చూడగానే, ముప్పై ఏళ్లుగా లేచినట్టే లేచాడు.

కాసియానో చెయ్యి అతని భుజం మీద పడింది. గట్టిగా కూడా కాదు.

"మీరు కూర్చోండి," అన్నాడు. "రొట్టె మేం తెస్తాం."

పుట్టినప్పటినుంచీ ఒరేయ్ అని తప్ప పిలవని మనిషి. ఆంచోన్ కూర్చున్నాడు. రొట్టె వచ్చింది, గ్లాసు నిండింది. భోజనాలయ్యాక తన పళ్లెం పట్టుకుని తొట్టి వైపు ఒక అడుగు వేశాడో లేదో, ప్రుదెన్ ఎదురొచ్చి ఆ పళ్లెం అందుకున్నాడు. అతని నోట హాస్యం రాలేదు. "ఉంచండి, మేం కడుక్కుంటాం," అన్నాడు మర్యాదగా.

వెనక తొట్టిలో గిన్నెల చప్పుడు మొదలైంది. ఎవరో చొక్కా చేతులు మడుచుకుంటున్నారు, ఎవరో తడిగుడ్డ అందిస్తున్నారు. జేబులో తాళంచెవి అలాగే ఉంది. పనిలేని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, వాళ్లు కడగడం పూర్తయ్యేదాకా ఆంచోన్ బల్ల దగ్గరే కూర్చున్నాడు.